రోలర్ కోస్టర్ పిచ్చి: నన్ను తరచుగా అడిగే ప్రశ్నలు

ఒక్క రోలర్ కోస్టర్ (ఎత్తుపల్లాల పట్టాల మీద జారే బండి) కూడా లేని జిల్లాలో ఉంటూ ఈ పిచ్చి పెంచుకున్నదాన్ని. పుట్టిల్లు పాలమూరు, ఉండేది నల్గొండలో. ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్తాను. స్టాఫ్ రూంలో, చుట్టాల పెళ్లిళ్లలో, హైదరాబాద్ బస్సులో పక్క సీటువాళ్లు అడిగేవి దాదాపు ఇవే. ఎంత ఎత్తు, ఎంత స్పీడు అన్నవాటికంటే పట్టా ఎట్లా వంగిందన్నదే నాకు ముఖ్యం. కింది జవాబులన్నీ ఆ పక్షపాతంతోనే రాశాను.

పైసలిచ్చి మరీ భయపడుడు ఎందుకక్కా?

భయం మొదటి రెండు మూడు సార్లే. అది పోయాక ఒంటి బరువు మారడం తెలుస్తుంది, అసలు మజా అక్కడ మొదలవుతుంది. పల్లెవెలుగు బస్సు చివరి సీట్లో కూర్చున్నప్పుడు డ్రైవర్ స్పీడ్ బ్రేకర్ చూసుకోకుండా ఎక్కిస్తే ఒక్క క్షణం సీటు మీంచి లేస్తాం కదా, దాన్నే మా కోస్టర్ పిచ్చోళ్లు ఎయిర్‌టైమ్ అంటారు. బస్సులో అది అనుకోకుండా జరుగుతుంది. కోస్టర్‌లో ఒక ఇంజనీరు కూర్చొని, ఈ గుట్ట మీద మనిషి ఇంతసేపు, ఇంత బలంతో లేవాలి అని లెక్కగట్టి పట్టా వంచుతాడు.

లేవడంలోనూ రకాలున్నాయి. మెల్లగా తేలినట్టు ఉంటే ఫ్లోటర్. తొడల మీది కడ్డీ లేకపోతే బయట పడేవాళ్లం అనిపించేట్టు విసిరితే ఇజెక్టర్. నేను ఫ్లోటర్ మనిషిని. ఇజెక్టర్ కోసం సముద్రాలు దాటి పోయేవాళ్లూ ఉన్నారు. గుట్ట కింద లోయలోకి దిగేటప్పుడు దీనికి వ్యతిరేకం: 60 కిలోల మనిషి 3 జీ (సొంత బరువుకు మూడింతలు) దగ్గర 180 కిలోలున్నట్టు సీటుకు అతుక్కుపోతుంది. బరువు లేకపోవడం, మూడింతలవడం, మళ్లీ లేకపోవడం, ఇదంతా నిమిషంన్నరలో అయిపోతుంది. దీనికి భయం అన్న ఒక్క మాట సరిపోదు.

దానికి ఇంజను ఉంటదా?

మామూలు కోస్టర్‌కు ఉండదు. మొదటి గుట్ట మీదికి గొలుసు లాక్కెళ్తుంది, అక్కడ వదిలేస్తుంది. ఆ తర్వాత అంతా భూమ్యాకర్షణ పనే. స్థితిజశక్తి గతిజశక్తిగా మారడం బడిలోనే చదివాం. 30 మీటర్ల నుంచి జారితే, రాపిడి, గాలి అడ్డం లేవనుకుంటే, కింద గంటకు 87 కి.మీ. వేగం వస్తుంది. 60 మీటర్లు చేస్తే రెండింతలవుతుందా? కాదు, 123 దగ్గర ఆగుతుంది. వేగం రెండింతలు కావాలంటే ఎత్తు నాలుగింతలు కావాలి. కొత్త పార్కు తెరవగానే మాది ఇంత ఎత్తు అని పేపర్లో వేసుకునేవాళ్లను చూసి నేను పెద్దగా ఊగిపోకపోవడానికి ఇదొక కారణం. ఇనుము పెరిగినంత వేగంగా మజా పెరగదు.

గొలుసు బదులు పేల్చినట్టు తోసేవీ ఉన్నాయి. అమెరికాలోని న్యూజెర్సీలో 2005లో పెట్టిన కింగ్డా కా 139 మీటర్ల ఎత్తు. హైడ్రాలిక్ యంత్రం దాన్ని మూడున్నర సెకండ్లలో గంటకు 206 కి.మీ. వేగానికి తెచ్చి నిట్టనిలువుగా పైకి పంపేది. ఆ ఎత్తెక్కడానికి కాగితం మీద 188 చాలు. మిగతా వేగం రాపిడికీ గాలికీ కట్టే కప్పం. ఎదురుగాలో చలో ఎక్కువైతే ఒక్కోసారి ఆ కప్పం చాలక బండి కొసదాకా పోయి వెనక్కి జారేది. దానికోసం పట్టా మీద అయస్కాంత బ్రేకులు లేచి నిలబడేవి. మావాళ్లలో కొందరికి అట్లా వెనక్కి జారడమే అదృష్టం. 2024లో దాన్ని మూసేశారు, 2025 ఫిబ్రవరిలో పేల్చి కూల్చేశారు. ఒక పెద్ద గుట్ట ఎక్కడం, దిగడం, దాని వెనక ఒక చిన్న గుట్ట, అంతే. ఎంతో మంది ఏడ్చారు గాని, పట్టా వంపు చూసేవాళ్లకు అది పెద్ద నష్టమని నేను అనుకోను.

జాతరలో తిరిగే డ్రాగన్ ట్రైన్ కూడా రోలర్ కోస్టరేనా?

దీని మీద మావాళ్లు కొట్టుకుంటారు. కురుమూర్తి జాతరకో, చెర్వుగట్టుకో, దురాజ్‌పల్లి పెద్దగట్టుకో వచ్చే డ్రాగన్ ట్రైన్‌కు మోటారు ఉంటుంది. పట్టా పొడుగునా కరెంటు తీసుకుంటూ ఎక్కినా దిగినా అదే నడుపుతుంది. జారడం లేదు కాబట్టి కోస్టర్ కాదని ఒక వర్గం. పట్టాలున్నాయి, ఎత్తుపల్లాలున్నాయి, పిల్లలు కేకలేస్తున్నారు, ఇంకేం కావాలని ఇంకో వర్గం.

నేను మొదటి వర్గం, కాని డ్రాగన్ ట్రైన్ కనపడితే ఎక్కకుండా రాను. చివరి పెట్టెలో కూర్చుంటే మలుపు దగ్గర తోక విసిరినట్టు ఉంటుంది. 1938లో మొదలైన నాంపల్లి నుమాయిష్‌కు మన జిల్లాల నుంచి జనవరిలో బస్సులు కట్టుకొని పోయేవాళ్లలో చాలామంది మొదట ఎక్కేది ఇట్లాంటివే. అందరూ అక్కడ జెయింట్ వీల్ కింద క్యూ కడతారు. ఆ ఖాళీలో డ్రాగన్ ట్రైన్ రెండు ట్రిప్పులు ఎక్కేయొచ్చు.

మనకు దగ్గర్ల నిజమైనది యాడుంది?

రావిర్యాలలో, ఔటర్ రింగ్ రోడ్డు పక్కన వండర్‌లా. 2016లో తెరిచారు. పాలమూరువాళ్లు 44వ నంబరు హైవే మీద శంషాబాద్ దాకా వచ్చి ఔటర్ ఎక్కాలి. నల్గొండ, సూర్యాపేటవాళ్లకు 65వ నంబరు హైవే, పెద్దఅంబర్‌పేట దగ్గర ఔటర్. దేవరకొండ, మల్లేపల్లి నుంచైతే సాగర్ రోడ్డు మీద ఇబ్రహీంపట్నం దాకా వచ్చి తిరిగితే చాలు.

అక్కడి రీకాయిల్ వెకోమా అనే నెదర్లాండ్స్ కంపెనీ బూమరాంగ్ మోడల్. అచ్చంగా ఇదే పట్టా ప్రపంచంలో పదుల చోట్ల ఉంది, అందుకని దేశాలు తిరిగిన కోస్టర్ పిచ్చోళ్లు దీన్ని చూసి ముక్కు విరుస్తారు. విరవనీ. మొదటిసారి ఎక్కేవాళ్లకు ఇంతకంటే మంచి పాఠం దొరకదు. మోడల్ కొలతలు చూడండి: ఎత్తు 35 మీటర్ల పైచిలుకు, పట్టా పొడవు 285 మీటర్లే, వేగం 75 కి.మీ. పైన కొంచెం. బండిని ముందు వెనక్కి లాగి గుట్ట మీదికి తీసుకుపోతారు, మొహాలు నేల వైపు వేలాడతాయి. వదలగానే స్టేషన్‌లోంచి దూసుకుపోయి, పాము పడగలాంటి కోబ్రా రోల్‌లో రెండుసార్లు, గుండ్రటి లూప్‌లో ఒకసారి తలకిందులై, ఎదుటి గుట్ట ఎక్కి ఆగుతుంది. అక్కడ ఇంకో గొలుసు పట్టుకొని కొసదాకా లాగి మళ్లీ వదుల్తుంది. వచ్చిన దారినే వెనక్కి, ఇంకో మూడు పల్టీలు. రెండో సగంలో దారి కనపడదు. ముందుకు పోయేటప్పుడు అరిచినవాళ్లు వెనక్కి వచ్చేటప్పుడు నోరు మూసుకుంటారు, గమనించండి.

భుజాల మీది కడ్డీకి చెవులు తగలకుండా తలను వెనక్కి ఆనించి పెట్టండి. వంచి పెడితే కోబ్రా రోల్‌లో దెబ్బలు తప్పవు.

తర్వాతి మెట్టు మహారాష్ట్రలో. ముంబై పుణెల నడుమ ఖోపోలీ దగ్గర, 2013లో తెరిచిన ఇమేజికాలోని నైట్రో. స్విట్జర్లాండ్ కంపెనీ బొల్లిజర్ అండ్ మాబిలార్డ్ చేసింది. కాళ్ల కింద నేల ఉండదు, అయిదు పల్టీలు, మొదటి గుట్ట సుమారు 40 మీటర్లు. రీకాయిల్‌తో పోలిస్తే ఎత్తులో పెద్ద తేడా లేదు. కాని ఒక వంపులోంచి ఇంకో వంపులోకి జారే తీరు వేరే లోకం. పట్టా మీద డబ్బు పెట్టడమంటే ఏమిటో అక్కడ తెలుస్తుంది.

తలకిందులైనప్పుడు పడిపోమా మేడం?

ఎంపీసీ పిల్లలు ఇది అడిగితే నాకు కోపం వస్తుంది. నిలువు వృత్తంలో అడుగున కావాల్సిన కనీస వేగం రూట్ ఫైవ్ జీఆర్ (జీ గురుత్వ త్వరణం, ఆర్ వ్యాసార్థం) అని పరీక్షలో కళ్లు మూసుకొని రాస్తారు. ఆ లెక్క చెప్పేది ఇదే. పైకొసన సరిపడా వేగముంటే బండిని పట్టాయే లోపలికి నెడుతుంటుంది, మనం సీటు మీదే కూర్చుంటాం. చాలా లూపుల్లో బెల్టు లేకపోయినా పడరు. బెల్టు ఉన్నది బండి అనుకోకుండా నెమ్మదించే పరిస్థితి కోసం.

మన పిల్లలు పట్టించుకోనిది ఇంకోటుంది. అదే రూట్ ఫైవ్ జీఆర్‌తో అడుగున ఎంత బరువు పడుతుందో లెక్కేయండి: వృత్తంలో తిప్పడానికి 5 జీ, మన బరువు 1 జీ, మొత్తం 6 జీ. నేల మీంచి లూప్‌లోకి అడుగు పెట్టగానే 1 నుంచి 6కు ఒక్క దెబ్బకు ఎగబాకుతుంది. 1895లో న్యూయార్క్ కోనీ ఐలండ్‌లో ఫ్లిప్ ఫ్లాప్ రైల్వే అని అచ్చమైన గుండ్రటి లూప్ పెట్టారు. ఎక్కినవాళ్ల మెడలు పట్టేశాయి. అది నాలుగు రోజుల ముచ్చటే అయింది. తర్వాత దశాబ్దాల పాటు లూప్ ఊసే దాదాపు లేదు.

1976లో కాలిఫోర్నియాలోని మ్యాజిక్ మౌంటెన్‌లో రెవల్యూషన్ వచ్చింది. జర్మన్లు ఆంటన్ ష్వార్జ్‌కాఫ్, వెర్నర్ స్టెంగెల్ లూప్‌ను వృత్తంగా కాక కన్నీటి బొట్టులా గీశారు. అడుగున వ్యాసార్థం పెద్దది, పైన చిన్నది. వేగం ఎక్కువున్న చోట వంపు తక్కువ, వేగం తగ్గిన చోట వంపు ఎక్కువ. బరువు దెబ్బగా పడకుండా మెల్లగా పెరిగి మెల్లగా దిగుతుంది. రైలు పట్టాలు, హైవేలు మలుపు తిరిగేచోట వాడే క్లోథాయిడ్ గీత అది. ఎనభై ఏళ్లలో ఉక్కు మెరుగైంది నిజమే, కాని లూప్‌ను బతికించింది ఆ గీత. ఎత్తు కాదు వంపు అని నేను పాడే పాటకు ఇదే నా సాక్ష్యం. బోర్డు మీద ఇది గీసిన రోజు వెనక బెంచీలు కూడా నిద్రపోవు.

ముందు సీటు మంచిదా, వెనుక సీటా?

రెండూ వేర్వేరు రైడ్లు. మొదటి గుట్ట కొసన బండి మధ్యభాగం దాటేదాకా వేగం అందుకోదు. ముందు కూర్చున్నవాళ్లు అంచు దాటి కిందికి వేలాడుతూ ఎదురుచూస్తారు. వెనకవాళ్లు అంచుకు వచ్చేసరికి బండి అప్పటికే పడుతుంటుంది, వాళ్లను గుంజి అవతల పారేస్తుంది. ఎయిర్‌టైమ్ కావాలంటే వెనక్కి, గాలి, దృశ్యం కావాలంటే ముందుకు. బూమరాంగ్‌లో మాత్రం తిరుగు ప్రయాణంలో వెనకదే ముందవుతుంది కాబట్టి చివరి వరుసకు రెండూ దక్కుతాయి. క్యూలో అందరూ ముందు వరుసకే ఎగబడతారు, ఎగబడనివ్వండి.

ఇంకో చిట్కా. పొద్దున మొదటి ట్రిప్పు కంటే మధ్యాహ్నం తర్వాత బండి కొంచెం చురుగ్గా పోతుంది. గ్రీజు, చక్రాలు వేడెక్కి రాపిడి తగ్గుతుంది. నిండా జనమున్న బండి ఖాళీ బండి కంటే వేగం నిలుపుకుంటుంది.

మధ్యలో ఆగిపోతే? బండ్లు గుద్దుకుంటే?

గుట్ట ఎక్కేటప్పుడు టక్ టక్ టక్ అని వినపడుతుంది చూడండి, చాలామందికి గుండె జారేది ఆ చప్పుడుకే. మీకు ధైర్యం ఇవ్వాల్సిన చప్పుడది. బండి కింద ఉన్న ఇనుప నాలుక పట్టా పక్కని పళ్ల మీద ఒక్కొక్కటే పడుతోంది. గొలుసు తెగినా బండి ఒక పన్ను కంటే వెనక్కి జారదు.

చక్రాలు కూడా పట్టా మీద ఊరికే కూర్చొని ఉండవు. పైన బరువు మోసేవి, పక్కన ఒరుసుకునేవి, కింద నుంచి పట్టుకునేవి, మూడు జతలు పట్టాను చుట్టూ బిగించి ఉంటాయి. కింది చక్రానికి జాన్ మిల్లర్ అనే అమెరికన్ 1919లో పేటెంటు తీసుకున్నాడు. ఎయిర్‌టైమ్ గుట్టలు కట్టే ధైర్యం వచ్చింది ఆ చక్రంతోనే.

గుద్దుకోకుండా ఉండేందుకు రైల్వే పద్ధతే. మన బీబీనగర్ నడికుడి లైన్లో ఒక బ్లాకులో ఒక బండి ఉండగా ఇంకోదాన్ని వదలరు. కోస్టర్ పట్టా కూడా బ్లాకులే. ముందు బ్లాకు ఖాళీ కాకపోతే వెనక బండిని కంప్యూటర్ బ్రేకు మీద ఆపేస్తుంది. బ్రేకులు మామూలుగా మూసుకొనే ఉంటాయి, తెరవడానికే గాలి కావాలి. కరెంటు పోతే తెరుచుకోవు, పట్టుకుంటాయి. కొత్తవాటిలో అయస్కాంతాలు, రాగి రెక్కలు. లోహంలో దానంతట అదే పుట్టే ఎడ్డీ కరెంటుతో బండి నెమ్మదిస్తుంది, దానికి బయటి కరెంటు అక్కరే లేదు. పూర్తిగా ఆపడం మాత్రం అయస్కాంతం వల్ల కాదు, చివర మామూలు బ్రేకు ఉండాల్సిందే.

ప్రమాదాలు లేవని చెప్పను. ఇంగ్లండ్‌లో ఆల్టన్ టవర్స్ పార్కులో 14 పల్టీల స్మైలర్ ఉంది. 2015 జూన్ 2న ఒక ఖాళీ బండి పట్టా మీద ఆగిపోయింది. వెనక జనంతో ఉన్న బండిని కంప్యూటర్ సరిగ్గానే ఆపింది. ముందు బండి ఉన్న సంగతి తెలియని సిబ్బంది, యంత్రం ఊరికే మొరాయిస్తోందనుకొని దాని ఆజ్ఞను పక్కనపెట్టి బండిని వదిలారు. ఇద్దరు యువతులు చెరో కాలు పోగొట్టుకున్నారు, కంపెనీకి 50 లక్షల పౌండ్ల జరిమానా పడింది. అప్పటి నుంచి నేను పార్కులో పట్టా కంటే ముందు నడిపే పిల్లలను చూస్తాను. ప్రతి కడ్డీ చేత్తో లాగి చూస్తున్నారా, ఒకరి సైగ కోసం ఇంకొకరు ఆగుతున్నారా అని. రైడు ఆలస్యమైందని వాళ్ల మీద అరిచేవాళ్లను చూస్తే మాత్రం నాకు మండుతుంది.

మరి జాతరల్ల, ఎగ్జిబిషన్లల్ల ఎక్కొచ్చా?

నేను ఎక్కుతాను. అన్నీ ఎక్కను. ఇవి లారీల మీద వచ్చి వారంలో బిగించి వారంలో విప్పేసే యంత్రాలు. విప్పి బిగించిన ప్రతిసారీ ఏదో ఒక పిన్ను పెట్టడం మరిచిపోయే అవకాశం ఉంది. టికెట్ కొనక ముందు పది నిమిషాలు చాయ్ తాగుతూ చూడండి.

మొదట కాళ్లు. స్తంభాల కింద చెక్క దిమ్మెలు పెట్టి మట్టం చేస్తారు. బండి తిరిగినప్పుడు ఆ దిమ్మె కదులుతోందా, నేలలోకి దిగుతోందా? వాన పడిన మర్నాడు ఇది మరీ చూడాలి, మన నల్లరేగడి నేల సంగతి తెలిసిందే. తర్వాత పిన్నులు: పెద్ద కడ్డీలను కలిపే ప్రతి పిన్నుకు చివర క్లిప్పు ఉండాలి. దానికి బదులు బైండింగ్ వైరు చుట్టి కనిపిస్తే నేను వెనక్కి తిరిగి మిర్చి బజ్జీల వైపు పోతాను. సీటు కడ్డీకి తాడు కట్టినా అంతే. జెనరేటర్ వైర్లు నడిచే దారిలో నీళ్లలో పడి ఉంటే, రైడు బాగున్నా దాని చుట్టూ ఉన్న బుద్ధి బాగాలేదని లెక్క. చివరగా నడిపే మనిషి. ఫోన్ చూసుకుంటూ స్విచ్చు నొక్కుతుంటే వద్దు. జనం అరుస్తున్నారని ఇంకో నాలుగు రౌండ్లు వేసేవాడు అసలే వద్దు.

కొలంబస్, లోలకంలా ఊగే పెద్ద రైడ్లు నాకు డ్రాగన్ ట్రైన్ కంటే ఎక్కువ అనుమానం. ఊగే ప్రతిసారీ బరువంతా ఒకే ఇరుసు మీద, ఒకే వెల్డింగు మీద పడుతుంది. 2019 జులైలో అహ్మదాబాద్ కాంకరియా దగ్గర పార్కులో అట్లా ఊగే రైడు విరిగి పడి ప్రాణాలు పోయాయి. అది జాతర కూడా కాదు, పక్కా పార్కు.

బీపీ ఉన్నోళ్లు ఎక్కొచ్చా? గర్భంతో? పిల్లలు?

గుండె జబ్బు, అదుపులో లేని బీపీ, మెడ నడుము నొప్పులు, ఈమధ్య ఆపరేషన్ అయినవాళ్లు ఎక్కొద్దు. గర్భిణులు ఏ నెలైనా వద్దు. పిల్లలకు వయసు కాదు ఎత్తు కొలుస్తారు, పెద్ద రైడ్లకు సాధారణంగా 120 నుంచి 140 సెం.మీ. దాకా అడుగుతారు. కడ్డీ ఆ ఎత్తు ఒంటికి సరిపడేట్టు చేసింది. మడమల మీద లేపి, దొంగచాటుగా ఎక్కించే తండ్రులను చూశాను, వాళ్లకు చెప్పి లాభం లేదు గాని ఆపే పిల్లగాడితో గొడవ పెట్టుకోకండి.

చున్నీ తీసి లాకర్లో పెట్టండి, మెడకు చుట్టుకోవడం పరిష్కారం కాదు. జడ ముడి వేసుకోండి. పుస్తెలతాడు, నల్లపూసలు బట్టల లోపలికి. చీర కట్టుకొని కోస్టర్ ఎక్కే సాహసం వద్దు, ముందు రోజే ఇంట్లో పెద్దవాళ్లకు చెప్పి ఒప్పించుకోండి.

వాంతులైతే?

ఖాళీ కడుపుతో పోవద్దు, బిర్యానీ తిని పోవద్దు. ఇడ్లీ బాగు. కళ్లు మూసుకుంటే ఇంకా తిప్పుతుంది, తెరిచి పట్టా ఎటు పోతోందో దూరంగా చూడండి. లోయలోకి దిగేటప్పుడు కళ్ల ముందు మసక కమ్మితే కాళ్లు, పొట్ట కండరాలు బిగబట్టండి, తలలోంచి నెత్తురు కిందికి దిగకుండా ఆపుతాయి.

మా అన్న అబూదాబిలో ఉన్నడు. అక్కడిది ఎక్కాల్నా?

పాలమూరు, నల్గొండల నుంచి గల్ఫ్ పోయినవాళ్ల ఇళ్లలో ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. యాస్ ఐలండ్‌లో ఫెరారీ వరల్డ్ ఉంది. 2010లో తెరిచిన ఫార్ములా రోసా అయిదు సెకండ్ల లోపే గంటకు 240 కి.మీ. అందుకుంటుంది. తెరిచినప్పుడు ప్రపంచంలో దాన్ని మించిన వేగం ఏ కోస్టర్‌కూ లేదు. ఇసుక, పురుగులు కళ్లలో పడకుండా ముందే అద్దాలు ఇస్తారు. అన్న ఎక్కితే ఎక్కనివ్వండి, ఊరికొచ్చి చెప్పుకోవడానికి బాగుంటుంది. అదే పార్కులో ఫ్లయింగ్ ఏసెస్ అని 2016లో వచ్చింది. దాని లూప్ 52 మీటర్లు, కాని అందులో తలకిందులు కారు. ఎక్కుతూ ఎక్కుతూ పట్టా మెలితిరిగి మనల్ని నిటారుగానే ఉంచుతుంది. ఒక్కటే ఎక్కేంత ఓపిక ఉంటే దాన్నే ఎక్కమని చెప్పండి. సెలవు రోజుల్లో జనం ఎక్కువ, వేరే రోజు దొరికితే మంచిది.

అసలు ఇది ఎవరు కనిపెట్టిన్రు?

రష్యావాళ్ల మంచు. పీటర్స్‌బర్గ్‌లో చలికాలం కట్టెలతో ఎత్తైన జారుడుబల్లలు కట్టి, నీళ్లు పోసి గడ్డకట్టించి, బండ్ల మీద జారేవాళ్లు. అది చూసి 1817లో పారిస్‌లో చక్రాల బండ్లు, వాటికి గాడులు పెట్టి కట్టారు. జనం ఎగబడే రోలర్ కోస్టర్ 1884లో కోనీ ఐలండ్‌లో మొదలైంది. లమార్కస్ థాంప్సన్ కట్టిన స్విచ్‌బ్యాక్ రైల్వే, టికెట్టు అయిదు సెంట్లు, వేగం గంటకు పది కి.మీ. అటూ ఇటూ. సైకిల్ కంటే నెమ్మది! అయినా క్యూలు కట్టారంటే గుట్టలెక్కి దిగడంలోనే ఏదో ఉంది. కట్టెవాటిలో ఇప్పటికీ నిలిచి ఉన్న అత్యంత పాతది అమెరికాలోని పెన్సిల్వేనియాలో 1902 నాటి లీప్ ది డిప్స్. ఉక్కు గొట్టాల పట్టా 1959లో డిస్నీల్యాండ్ మ్యాటర్‌హార్న్‌తో వచ్చింది. గొట్టాన్ని ఎటు కావాలంటే అటు వంచొచ్చు, అక్కడి నుంచి కథ మారింది.

క్రెడిట్లంటే ఏంది? నీవెన్ని?

ఎక్కిన ఒక్కో కోస్టర్‌కు ఒక క్రెడిట్. అదే దాన్ని వందసార్లు ఎక్కినా ఒకటే. అమెరికాలో 1978లో అమెరికన్ కోస్టర్ ఎంథూజియస్ట్స్ అనే సంఘం పెట్టినప్పటి నుంచి ఈ లెక్కలు మొదలయ్యాయని కాదు గాని, లెక్కలేసుకునేవాళ్లకు తోడు దొరికింది. వేలల్లో క్రెడిట్లున్నవాళ్లు పిల్లల గొంగళిపురుగు కోస్టర్‌లో కూడా మోకాళ్లు గడ్డానికి తగిలేట్టు కూర్చొని ఒకటి పెంచుకుంటారు. నా లెక్క చెప్తే మీరు నవ్వుతారు, చెప్పను. ఒకే కోస్టర్‌ను ముందు వరుస, వెనక వరుస, ఎండలో, చినుకులో ఎక్కి తేడా తెలుసుకోవడం నాకు ఎక్కువ ఇష్టం. నల్గొండలో ఉండేవాళ్లకు ఇష్టమైనా కాకపోయినా అదే గతి లెండి.

ఎక్కకుండ కూడా ఈ పిచ్చి నడుస్తదా?

బ్రహ్మాండంగా. క్రిస్ సాయర్ 1999లో తెచ్చిన రోలర్ కోస్టర్ టైకూన్ గేముతో పుట్టిన అభిమానులు ప్రపంచమంతా ఉన్నారు. కాస్త మంచి కంప్యూటరుంటే నోలిమిట్స్ 2లో పట్టా గీసి, ఏ చోట ఎన్ని జీలు పడుతున్నాయో రంగుల్లో చూసుకోవచ్చు.

కంప్యూటర్ లేకపోతే గోటీ చాలు. ఏసీ రాగి పైపులకు చుట్టే నల్లటి ఫోమ్ గొట్టం మెకానిక్ షాపులో దొరుకుతుంది. నిలువునా రెండుగా చీలిస్తే రెండు పట్టాలు. బెంచీలు, కుర్చీల మీద టేపుతో అంటించి లూప్ చుట్టండి. రాపిడి లేదనుకుంటే, జారే వస్తువును లూప్ వ్యాసార్థానికి రెండున్నర రెట్ల ఎత్తు నుంచి వదిలితే దాటాలి. గోటీ దొర్లుతుంది, తిరగడానికీ కొంత శక్తి పోతుంది కాబట్టి లెక్క ప్రకారం 2.7 రెట్లు కావాలి. ఫోమ్ రాపిడికి నిజంలో ఇంకా ఎక్కువ. ఎంత ఎక్కువో కొలవమనండి, సైన్స్ ఫెయిర్ ప్రాజెక్టు తయారు. తర్వాత అదే గొట్టాన్ని గుండ్రంగా ఒకసారి, బొట్టు ఆకారంలో ఒకసారి చుట్టి చూడమనండి. అడుగున గోటీ గొట్టాన్ని నొక్కే తీరులో తేడా కంటికి కనపడుతుంది.

ఇందులో ఉద్యోగాలుంటయా?

పట్టా గీసే డిజైన్ ఆఫీసులు ఎక్కువగా యూరప్, అమెరికాల్లో ఉన్నాయి, మెకానికల్, సివిల్ చదివి లెక్కలు గట్టిగా వస్తే దారి ఉంది. కాని ఐటీఐ ఫిట్టర్, ఎలక్ట్రీషియన్ చేసిన పిల్లలకు దగ్గర దారి పార్కు మెయింటెనెన్స్. తెల్లారకముందే పట్టా పొడుగునా నడిచి బోల్టు బోల్టూ చూసి, ఖాళీ బండ్లు తిప్పి, సంతకం పెడితేనే ఆ రోజు గేటు తెరుస్తారు. నా క్లాసులో ఎవరైనా ఆ ఉద్యోగంలో చేరితే నేను పోయి మొదటి బండి ఎక్కుతాను.

మీ ఇంటాయన ఏమనడా?

ఆయనకు జెయింట్ వీల్ కూడా పడదు. బ్యాగులు, చెప్పులు, నలుగురి ఫోన్లు, కళ్లద్దాలు పట్టుకొని కింద నిలబడతాడు. లాకరు కిరాయి మిగులుతుంది.